గంపలో పూలు ఏ ఊరివి?

మెట్టుగూడలో పూలు కొనడానికి ఎక్కడికో వెళ్లక్కర్లేదు. సాయంత్రం మెట్రో మెట్లు దిగి చౌరస్తా వైపు నాలుగడుగులు వేస్తే గంపలు కనిపిస్తాయి. తడిగుడ్డ కింద మల్లెలు, పక్కన కనకాంబరం చుట్ట, ఓ మూల కాడ గులాబీలు. బేరం మొదలవుతుంది. "నీ మూరతోని కాదమ్మా, నా మూరతోని కొలువు" అని కొనే ఆమె చెయ్యి చాస్తుంది. అమ్మే ఆమె నవ్వి నాలుగు పూలు ఎక్కువే వేస్తుంది. రేటు గురించి ఇంత రచ్చ జరిగినా, అవి ఏ నేలలో పూశాయని అడిగేవాళ్లు మాత్రం అరుదు. టమాటా బండి దగ్గర నాటువా, హైబ్రిడ్‌వా అని నిలదీసే మనిషి కూడా పూల దగ్గరికి వచ్చేసరికి మెత్తబడిపోతారు.

ఎవరైనా అడిగితే వచ్చే జవాబు దాదాపు ఒక్కటే. "గుడిమల్కాపూర్‌వి బిడ్డా."

నిజమే. కానీ గుడిమల్కాపూర్‌లో పూల తోటల్లేవు, పూల మార్కెట్ ఉంది. నగరంలో అన్నిటికన్నా పెద్ద టోకు పూల మార్కెట్ అదే. ఒకప్పుడు ఈ వ్యాపారమంతా కోఠి దగ్గరి జాంబాగ్‌లో సాగేది. అక్కడి ఇరుకు సందుల్లో లారీ తిరగడానికి చోటు చాలక టోకు మార్కెట్ మెహిదీపట్నం పక్కకు తరలింది. ఆ చోటుకు ఒక సౌకర్యం ఉంది. మొయినాబాద్, చేవెళ్ల మీదుగా బీజాపూర్ వెళ్లే రోడ్డు మెహిదీపట్నం నుంచే బయల్దేరుతుంది. శంషాబాద్ వైపు నుంచి వచ్చే బండ్లకు కూడా అది దగ్గరి దారి. రంగారెడ్డి జిల్లా పూల రైతు తెల్లవారకముందే బస్తాలు దించి, బేరం ముగించుకుని, ఎండెక్కేలోగా ఇల్లు చేరొచ్చు.

మెట్టుగూడ, దాని పక్క తార్నాక మాత్రం నగరానికి ఈ కొసన ఉన్నాయి. పడమట పూసిన పువ్వు ఊరంతా దాటుకుని తూర్పుకు రావాలి. ఇటు వైపు చిల్లరగా అమ్మేవాళ్లలో కొందరు తెల్లవారుజామునే గుడిమల్కాపూర్ వెళ్లి స్వయంగా తెచ్చుకుంటారు. మిగిలినవాళ్లు సికింద్రాబాద్ మోండా మార్కెట్‌లో పట్టుకొస్తారు. చేతులు మారిన కొద్దీ పువ్వు వాడుతుంది, ఊరి పేరు కూడా దారిలోనే రాలిపోతుంది.

80 కిలోమీటర్ల గీత

అమెరికాలో డెబ్రా ప్రిన్సింగ్ అనే ఉద్యానవన రచయిత్రి 2012లో 'ద 50 మైల్ బొకే' అనే పుస్తకం వేశారు. పెళ్లి బల్ల మీది పూలగుత్తి యాభై మైళ్ల లోపు తోటల నుంచే రావాలన్న పట్టుదల ఉన్న రైతుల గురించి, పూలు అమర్చేవాళ్ల గురించి రాసిన పుస్తకమది. ఆ పట్టుదలకు అక్కడ కారణం ఉంది. అమెరికాలో అమ్ముడయ్యే కాడ పూలలో సుమారు 80 శాతం కొలంబియా, ఈక్వడార్ లాంటి దేశాల నుంచి విమానమెక్కి వచ్చేవే.

యాభై మైళ్లంటే 80 కిలోమీటర్లు. తార్నాక చౌరస్తాను నడిమధ్యన పెట్టి ఆ కొలతతో గీత గీస్తే చేవెళ్ల, శంకర్‌పల్లి, షాబాద్, మొయినాబాద్, శంషాబాద్, మేడ్చల్, భువనగిరి అన్నీ లోపలే పడతాయి. బంతి, చామంతి, లిల్లీ, గులాబీ, జెర్బెరా ఈ గీత లోపలే పండుతున్నాయి. ఇక్కడ లిల్లీ అంటే పుస్తకాల్లోని లిల్లీ కాదు. పెళ్లి దండల్లో తెల్లగా పొడుగ్గా ఉండే నేలసంపెంగనే మన పూల మార్కెట్ లిల్లీ అంటుంది.

ఈ గీత పెట్టుకుని చూస్తే కొన్ని నమ్మకాలు తలకిందులవుతాయి. గంపలోని మల్లె అచ్చంగా మన ఊరిదని, అద్దాల దుకాణంలోని జెర్బెరా ఏదో పరాయి పువ్వని అనుకుంటాం. జెర్బెరా పుట్టిల్లు దక్షిణాఫ్రికా అయినా, తార్నాక బొకే దుకాణంలోని పువ్వు చేవెళ్ల వైపు పాలీహౌస్‌లో నిన్న కోసిందై ఉండొచ్చు. పక్కనే గంపలో ఉన్న మల్లె ఎన్టీఆర్ జిల్లా మైలవరం నుంచి రెండొందల కిలోమీటర్ల పైచిలుకు ప్రయాణం చేసి వచ్చి ఉండొచ్చు. మైలవరం, ఆ పక్క చంద్రగూడెం మల్లెతోటలకు పేరుపడ్డ ఊళ్లు. హైదరాబాద్ శివార్లలో మల్లెతోటలు లేవని కాదు, వేసవిలో ఇక్కడివీ వస్తాయి. అయితే చూపుతో తేల్చలేం, అడగాల్సిందే. పొడుగు కాడ గులాబీల్లో చాలావరకు బెంగళూరు, హోసూరు చలవ. ఫిబ్రవరి 14 దగ్గరపడితే ఆ దారిలో వచ్చే పెట్టెలు ఇంకా పెరుగుతాయి.

పుట్టుక సంగతికి వస్తే పూజ గదిలో సగం పూలు వలస వచ్చినవే. బంతిది మెక్సికో. నేలసంపెంగదీ అదే దేశం. చామంతి చైనా నుంచి వచ్చింది. వందల ఏళ్లుగా మన నేలలో మొలిచి, మన గుమ్మాలకు వేలాడుతున్నాక వాటిని ఇప్పుడు పరాయివి అనడం అన్యాయం. కొనేవాళ్లకు పనికొచ్చేది పువ్వు పూర్వీకుల ఊరు కాదు, అది నిన్న ఉదయం ఉన్న ఊరు.

పంచాంగం చూసుకునే మార్కెట్

పూల ధరకు ఎండావానల కన్నా తిథులే పెద్ద యజమానులు. ముహూర్తాలున్న వారం లిల్లీ, గులాబీ మండిపోతాయి. మూఢం వస్తే అవే పూలు అడిగే దిక్కుండదు. శ్రావణ శుక్రవారం ముందు రోజు చామంతి రేటు చూసి జనం గుండెలు బాదుకుంటారు, శనివారం పొద్దున అదే చామంతి కుప్పగా పోసి అమ్ముతుంటారు. ఆషాఢంలో పెళ్లిళ్లు ఉండవు గానీ సికింద్రాబాద్ ఉజ్జయిని మహంకాళి బోనాలు వస్తాయి, మోండా చుట్టుపక్కల బంతికి ఊపిరి వస్తుంది.

రైతు ఈ లెక్కలు వేసుకునే నాటుతాడు. నారు నాటిన దాదాపు రెండు నెలలకు బంతి మొదటి కోతకొస్తుంది. దసరాకు పువ్వు కావాలంటే శ్రావణం నాటికే మొక్క నేలలో ఉండాలి. చిక్కేమిటంటే పంచాంగం అందరి దగ్గరా ఉంటుంది. అందరూ ఒకే పండగను గురిపెట్టి నాటితే ఆ వారం పువ్వు పోటెత్తుతుంది. పైగా వర్షం రెండు రోజులు ఎక్కువ పడితే తడిసిన బంతి బస్తాలోనే నల్లబడుతుంది. ధాన్యాన్ని గోదాములో దాచుకోవచ్చు, మల్లెను దాచుకునే వీల్లేదు. ఆ పూట వచ్చిన రేటుకు ఇచ్చేయడం తప్ప రైతుకు వేరే దారి ఉండదు.

తెలంగాణ ఏర్పడిన తొలి ఏళ్లలో ప్రభుత్వం పాలీహౌస్‌లకు 75 శాతం రాయితీ ప్రకటించింది. హైదరాబాద్ చుట్టూ ప్లాస్టిక్ గుడారాలు లేచాయి, వాటిలో జెర్బెరా, గులాబీ, చామంతి వెలిశాయి. నగరం పక్కనే ఉంది, పెళ్లిళ్లకు కొదవ లేదు, లెక్క సరిగ్గానే కుదిరినట్టు కనిపించింది. తర్వాత 2020 వచ్చింది. ఆ ఏడాది దేశమంతా లాక్‌డౌన్ మొదలైన మార్చి 25నే ఉగాది. ఏడాదిలో పువ్వు బాగా అమ్ముడుపోయే రోజుల్లో అదొకటి. గుళ్లు మూశారు, పెళ్లిళ్లు వాయిదా పడ్డాయి, మార్కెట్‌కు దారి లేదు. జెర్బెరాకు ఒక ఇబ్బంది ఉంది, కోసినా కోయకపోయినా పూత ఆగదు. కోయకుండా వదిలేస్తే మొక్క పాడవుతుంది. అందుకని కూలి ఇచ్చి మరీ కోయించి పారబోసిన రైతులున్నారు. మరోవైపు వేదికల మీద ప్లాస్టిక్ పూలు పెరిగాయి. వాటికి ఉగాది లేదు, మూఢం లేదు, వాడడమూ లేదు. ఈ రోజుకీ జెర్బెరా రైతుకు అసలు పోటీ హోసూరు కన్నా ఆ ప్లాస్టిక్ తోరణాలతోనే.

క్యాంపస్‌లో గునుగు

భాద్రపద అమావాస్య నాడు ఎంగిలిపూల బతుకమ్మతో మొదలై, దుర్గాష్టమి నాడు సద్దుల బతుకమ్మతో ముగిసే తొమ్మిది రోజులూ తెలంగాణలో పూల లెక్కే మారిపోతుంది. ఆ రోజుల్లో అడిగే పూలలో ముఖ్యమైనవి ఎవరూ పండించనివి. తంగేడు, గునుగు, కట్లపూలు బీళ్లలో, చేను గట్ల మీద, రాళ్ల మధ్య వాటంతటవే పూస్తాయి. వానాకాలం చివరికి వాటి పూత, పండగ సరిగ్గా కలుస్తాయి. ఇంతకన్నా స్థానికమైన పువ్వు ఇంకోటి ఉండదు. విత్తనం కొన్నది లేదు, మందు కొట్టింది లేదు, నీళ్లు పెట్టింది లేదు. 2014లో రాష్ట్రం తంగేడును తన పువ్వుగా ఎంచుకున్నప్పుడు అది అప్పటికే ప్రతి ఇంటి బతుకమ్మలో మొదటి వరుసలో ఉంది.

తార్నాక పక్కనే ఉన్న ఉస్మానియా విశ్వవిద్యాలయం నేల రాతిగుట్టల నేల. 1939లో తెరుచుకున్న ఆర్ట్స్ కాలేజీ భవనం చుట్టూ పచ్చిక, వరస చెట్లు ఉన్నా, హాస్టళ్లు దాటి లోపలికి వెళ్తే వానాకాలం తర్వాత పొదలు, గడ్డి, వాటి మధ్య తెల్లగా తలూపే గునుగు ఇప్పటికీ కనిపిస్తాయి. తెలంగాణ ఉద్యమ కాలంలో ఆర్ట్స్ కాలేజీ ముందు విద్యార్థినులు పేర్చిన బతుకమ్మలు పండగకూ, నిరసనకూ ఒకేసారి గుర్తుగా నిలిచాయి. ఇప్పుడు ఆ చుట్టుపక్కల కాలనీల్లో బీడు భూమి కరువైంది. ఒకప్పుడు పిల్లలు సంచి పట్టుకుని వెళ్లి కోసుకొచ్చిన పువ్వునే ఇప్పుడు కట్ట కట్టి అమ్ముతుంటే కొంటున్నారు. జిల్లాల నుంచి తంగేడు, గునుగు మూటలతో వచ్చిన ఆడవాళ్లు పండగ రోజుల్లో రోడ్డు పక్కనే కూర్చుని అమ్ముతారు. వాళ్లే కోసి, వాళ్లే మోసి, వాళ్లే అమ్ముతారు కాబట్టి "ఏడికెల్లి తెచ్చిన్రు?" అని అడిగితే ఊరి పేరుతో పాటు చెరువు గట్టు పేరు కూడా చెప్తారు. నగరంలో పండించిన చెయ్యి కాకపోయినా కోసిన చెయ్యి కళ్లెదుట కనబడే పూల బేరం అదొక్కటే అనుకోవచ్చు. ఆ బేరంలో పది రూపాయలు తగ్గించమని పట్టుబట్టడం ఏమంత మర్యాద కాదు.

గునుగు కొనేటప్పుడు ఒక్క విషయం చూసుకోవాలి. కొసలు తెల్లగా, లేత గులాబీగా ఉంటే సహజం. ముదురు ఊదా, ఆకుపచ్చ, ఎరుపు అద్ది ఉంటే అది రంగు నీళ్లలో ముంచింది. అదీ సంప్రదాయమే, ఇళ్లలో కూడా ముంచుతారు. అయితే బతుకమ్మ చివరికి చెరువులోకి వెళ్తుందని గుర్తుంటే తెల్ల గునుగుకే మనసు పోతుంది. బంతి, చామంతి, సీతజడ, గుమ్మడి పువ్వు కలిపితే రంగులకు లోటేమీ రాదు.

న్యూజెర్సీలోనో, డల్లాస్‌లోనో బతుకమ్మ పేర్చే తెలుగువాళ్లకు తంగేడు దొరకదు. సెప్టెంబరు, అక్టోబరుల్లో అక్కడ దుకాణాల నిండా చామంతి కుండీలు ఉంటాయి, వేసవిలో పెరట్లో బంతి వేసుకున్నవాళ్లకు అది కోతకొస్తుంది. ఆ రెండింటితోనే వరసలు కూర్చుకుంటారు. ఎక్కడున్నా ఆ నేల ఆ నెలలో ఇచ్చే పువ్వుతోనే బతుకమ్మ లేస్తుంది.

చేత్తో చూసి కొనాలి

మల్లెను తెల్లవారుజామున, మొగ్గ విచ్చుకోకముందే కోస్తారు. ఆ మొగ్గ అదే రోజు పొద్దుగూకాక విచ్చుకుంటుంది. కాబట్టి సాయంత్రం ఐదింటికి మెట్టుగూడ గంపలో గట్టిగా, నిండుగా, తెల్లగా ఉన్న మొగ్గ ఆ ఉదయం కోసిందని నమ్మొచ్చు. ఐసులో రాత్రి గడిపిన మల్లెకు రేకు అంచున గోధుమ రంగు గీత పడుతుంది, విచ్చుకోవడమూ అరకొరే. కట్టిన దండలో పై వరస ఒక్కటే చూసి మోసపోకూడదు, మధ్యలో ఒకచోట వేలితో విడదీసి చూడాలి. పూలామె ఏమీ అనుకోదు, అనుకుంటే అక్కడ ఏదో ఉన్నట్టే.

బంతిని తలకిందులు చేసి చూడాలి. అడుగున పచ్చ గిన్నె లాంటి భాగం గట్టిగా, ఆకుపచ్చగా ఉంటే తాజా. మెత్తబడి, తుంచిన చోట నల్లబడి ఉంటే నిన్నటిదో మొన్నటిదో. కిలోల్లెక్కన కొనేటప్పుడు తడి కూడా తూకంలో పడుతుంది. నీళ్లు చల్లిన కుప్ప నిగనిగలాడుతుంది, రాత్రికే కుళ్లడం మొదలుపెడుతుంది. పొడి కుప్ప చూడ్డానికి డల్లుగా ఉన్నా అదే మేలు.

కాడ గులాబీలు ఇరవై చొప్పున, జెర్బెరాలు పది చొప్పున కట్టలుగా మార్కెట్‌కు వస్తాయి. గులాబీ పై రేకులు కొంచెం మురికిగా, ఆకుపచ్చ చారలతో ఉన్నాయని పారేయకూడదు. లోపలి పువ్వును కాపాడే పొర అది. దుకాణంలోనే వాటిని ఒలిచేసి అమ్ముతున్నారంటే లోపల ఏదో దాస్తున్నారేమో చూసుకోవాలి. ఇంటికి తెచ్చాక కాడ కొసను ఏటవాలుగా కత్తిరించి నీళ్లలో పెట్టకపోతే గాలి అడ్డుపడి మెడ వాలిపోతుంది. జెర్బెరాకు మాత్రం కూజా నిండా నీళ్లు పోయొద్దు. దాని కాడ మీద నూగుంటుంది, లోతు నీళ్లలో త్వరగా కుళ్లుతుంది. నాలుగు వేళ్ల ఎత్తు నీళ్లు చాలు.

పూజకు వెళ్లేవాళ్లు అందరూ చేసే పనొకటుంది. పండిన అరటిపళ్లు, పూలు ఒకే సంచిలో వేసుకుంటారు. పండిన పండు నుంచి ఇథిలీన్ అనే వాయువు వస్తుంది, అది పువ్వును తొందరగా ముసలిదాన్ని చేస్తుంది. తార్నాక నుంచి గుడి దాకా వెళ్లేలోపు పెద్ద నష్టం జరగదు. రాత్రంతా ఫ్రిజ్‌లో పక్కపక్కనే పెడితే తేడా తెలుస్తుంది.

గుల్కంద్ కోసమో, షర్బత్ కోసమో మార్కెట్ గులాబీ రేకులు వాడేవాళ్లు మాత్రం ఆగి ఆలోచించాలి. దండ కోసం పండించిన పువ్వుకు కొట్టే మందుల లెక్క తినే పంట లెక్క కాదు. నోట్లోకి వెళ్లే పువ్వు ఇంటి కుండీలోదైతేనే మంచిది.

గోడ మీది పూలు

లెక్క ప్రకారం అన్నిటికన్నా దగ్గరి పూలు డబ్బు పెట్టి కొనేవి కావు. మెట్టుగూడ, లాలాగూడ రైల్వే క్వార్టర్లలో, తార్నాక నంబర్ల వీధుల్లోని పాత ఇళ్ల ప్రహరీల మీద గన్నేరు, నందివర్ధనం, మందారం, రాధామనోహరం విరగబూస్తాయి. వీటికి ఒక ప్రత్యేక కొనుగోలుదారుల బృందం ఉంది. చేతిలో ప్లాస్టిక్ సంచి, ఇంకో చేతిలో కొక్కెం కట్టిన కర్ర, కాళ్లకు వాకింగ్ బూట్లు. ఇంటివాళ్లు నిద్రలేచేలోగా చెట్టు బోడి చేసి, ఆ పూలతోనే దేవుడికి అర్చన చేసి, పుణ్యం సంపాదిస్తారు. చెట్టు యజమాని పూజకు ఆ రోజు గంపలో మందారం కొనుక్కోవాలి. పారిజాతం ఒక్కటే ఈ బృందానికి లొంగదు. అది రాత్రి పూసి తెల్లారేసరికి తనే రాలుతుంది, రాలినవే ఏరుకోవాలన్నది ఆచారం. గోడ అవతల రాలినది వీధిదే.

అపార్ట్‌మెంట్లు వచ్చిన చోట ఈ చెట్లు తగ్గాయి, పూలబండి గిరాకీ పెరిగింది. పెరడు లేని ఇంటికి బాల్కనీ కుండీ ఉంది. రాజేంద్రనగర్‌లో ఉద్యాన విశ్వవిద్యాలయం వారి పూల పరిశోధన స్థానం ఉంది, ఏ రకం ఏ కాలంలో వేయాలో వాళ్లకన్నా బాగా చెప్పేవాళ్లు లేరు. రోజుకు నాలుగైదు గంటల ఎండ పడే చోటుంటే మల్లె కుండీలో కూడా పూస్తుంది.

రైల్వే కాలనీల పుణ్యమా అని మెట్టుగూడ చుట్టూ ఆంగ్లో ఇండియన్, తమిళ, తెలుగు క్రైస్తవ కుటుంబాలు ఎన్నో. అందువల్ల ఈ వైపు పూల క్యాలెండరులో మరో రోజు కూడా ఉంది. నవంబరు 2, సమాధుల పండుగ. దీపావళి అక్టోబరులోనే వచ్చిన ఏడాది, బంతి, చామంతులకు పండగ గిరాకీ అయిపోయి రేటు పడిపోయే వేళకు ఈ రోజు వస్తుంది. సమాధులను కడిగి, సున్నం వేసి, పసుపు తెలుపు చామంతులతో శిలువ ఆకారంలో పేరుస్తారు. అలాంటి ఏడాది చేనులో మిగిలిపోయిన పువ్వుకు అది చివరి మంచి బేరం.

ఆ నెలాఖరుకు మల్లె రైతు కత్తెర తీసుకుని తోటలోకి దిగుతాడు. కొమ్మలు కత్తిరించి, ఆకు దూసి, నీళ్లు తగ్గించి మొక్కను నిద్రపుచ్చుతాడు. మళ్లీ మొగ్గ కనబడేది ఫిబ్రవరి, మార్చిల్లోనే. ఈలోగా మెట్టుగూడ గంపల్లో తెల్లగా కనిపించేది చాలావరకు కాకడ. చూపుకు మల్లె లాగే ఉంటుంది, వాసన ఉండదు, చలికాలమంతా పూస్తుంది. జనవరిలో "మల్లెలు" అని అమ్ముతుంటే ముక్కు దగ్గర పెట్టుకుని చూడండి. వాసన రాకపోతే అది కాకడే, మల్లె రేటు ఇవ్వక్కర్లేదు. వస్తే మాత్రం "ఏడికెల్లి వచ్చినయ్?" అని అడగాలి. జవాబు గుడిమల్కాపూర్ అనే వస్తుంది. "అక్కడికి ఏడికెల్లి వచ్చినయ్?" అని రెండోసారి అడిగితే, పూలామెకు తెలిస్తే చెప్తుంది. తెలియకపోతే రేపు పొద్దున మార్కెట్‌లో ఏజెంటును అడిగి చెప్తానంటుంది.